142, 118, 97: మేం ఇంటికి పంపేసిన లో షుగర్ కేసు

డెబ్బై దాటిన ఒక పెద్దావిడ షుగర్ పడిపోయి ఒకే రోజు రెండుసార్లు మా ఎమర్జెన్సీకి వచ్చారు. పొద్దున వచ్చినప్పుడు బాగైపోయిందనుకుని ఇంటికి పంపింది నేనే. మధ్యాహ్నానికి ఫిట్స్‌తో తిరిగొచ్చారు. ఆ మధ్య గంటల్లో మేం ఏం చూశాం, చూసి కూడా ఏం పట్టించుకోలేదు అనేది షుగర్ పేషెంట్లని చూసే డాక్టర్లకీ, ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళున్న అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. కుటుంబాన్ని అడిగే రాస్తున్నా, వాళ్ళెవరో తెలిసిపోయే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. షుగర్ అంకెలన్నీ ఎంజీ/డీఎల్ లెక్కలోనే.

నేపథ్యం

ఆవిడకి టైప్ 2 షుగర్ వచ్చి 16 ఏళ్ళు. బీపీ ఉంది, గుండె పంపింగ్ కొంచెం తక్కువ. వాడే మందులు షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ 2 ఎంజీ పొద్దునొకటి రాత్రొకటి, బీపీకి రామిప్రిల్, గుండెకి కార్వెడిలాల్. సన్నటి మనిషి. కొడుకూ కోడలి దగ్గర ఉంటారు. మందుల విషయంలో చాలా పట్టింపు, ఒక్క పూట కూడా తప్పనివ్వరు, ఆ పట్టింపే ఆ రాత్రి ఆవిడకి ఎదురు తిరిగింది, అది తర్వాత చెప్తా.

రెండు నెలల ముందు నా ఓపీకే వచ్చారు. హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 6.2. ఇంట్లో చూసిన పరగడుపు షుగర్లు కోడలు ఒక నోట్‌బుక్‌లో రాసి తెచ్చారు. నేను పైపైన పేజీలు తిప్పి చీటీ మీద "కంట్రోల్ చాలా బాగుంది, అవే మందులు" అని రాశాను. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. 6.2 అనేది ఈ మధ్యే షుగర్ వచ్చిన నలభై ఏళ్ళ మనిషికి మంచి అంకె అయ్యుండొచ్చు, గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ళ వాడుతూ గుండె జబ్బూ కిడ్నీ జబ్బూ ఉన్న డెబ్బై ఏళ్ళావిడకి అది హెచ్చరిక. ఇలాంటివాళ్ళకి 8 లోపు ఉంటే చాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలు కూడా చెప్తాయి. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా రద్దీ ఓపీలో అంకె చూడగానే మెచ్చుకోలు రాసేశాను.

ఇంకోటి, ఏడాది కిందటి క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్త పరీక్ష, 1.4. ల్యాబ్ కాగితంలో అది గీత దాటి కొంచెమే ఎక్కువ, పెద్దగా భయపెట్టదు. కానీ ఆవిడ వయసుకి కిడ్నీ పనితనం లెక్క, అంటే ఈజీఎఫ్ఆర్, కడితే 40 దగ్గరికొస్తుంది. కండ తక్కువున్న ముసలివాళ్ళలో క్రియాటినిన్ మామూలుగా తక్కువే ఉంటుంది కాబట్టి 1.4 చూసి పర్లేదు అనుకుంటే సగానికి పైగా పోయిన కిడ్నీని పర్లేదు అనుకున్నట్టే. ఆ లెక్క అప్పుడు కట్టలేదు.

పొద్దున ఐదున్నర

కోడలు లేపడానికి వెళ్తే ఆవిడ సరిగ్గా పలకలేదు, మాట ముద్దగా వస్తోంది, కుడి చెయ్యి పైకి లేవట్లేదు. పక్షవాతం అని భయపడి తీసుకొచ్చారు. మా డ్యూటీ డాక్టర్ కూడా స్ట్రోక్ అనే సీటీ స్కాన్‌కి ఫోన్ చేస్తున్నారు, ఈలోపు సిస్టర్ వేలికి గుచ్చి చూస్తే 34.

లో షుగర్ అచ్చం స్ట్రోక్ లాగా రావచ్చు, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవచ్చు, మాట పోవచ్చు, మనిషి పిచ్చిగా మాట్లాడొచ్చు, కోపంగా తిట్టొచ్చు, మందు తాగినవాడిలా తూలొచ్చు. మెదడు దాదాపుగా గ్లూకోజ్ మీదే నడుస్తుంది, అది అందకపోతే ఏ భాగం ముందు మొరాయిస్తుందో చెప్పలేం. అందుకే స్ట్రోక్ అనుమానం ఉన్న ప్రతి మనిషికీ ముందు వేలికి గుచ్చి చూడాలని నియమం. ఆ రోజు ఆ సిస్టర్ ఎవరూ అడగకుండానే ఆ పని చేశారు, స్కాన్ రూమ్‌లో ఇరవై నిమిషాలు పోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే కష్టంగా ఉంటుంది.

25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 ఎంఎల్ నరంలోకి ఇచ్చాం, అంటే 25 గ్రాముల గ్లూకోజ్. పది నిమిషాల్లో కళ్ళు తెరిచి కొడుకుని పేరు పెట్టి పిలిచారు. చెయ్యి లేచింది. పదిహేను నిమిషాలకి షుగర్ 142. లక్షణాలు మొత్తం పోయాయి కాబట్టి స్కాన్ మానేశాం, ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నా.

నేను ఏడింటికి వచ్చి చూశాను. ఏం జరిగిందమ్మా అంటే, "రాత్రి తినబుద్ధి కాలేదు బాబూ, రెండు ముద్దలు తిని మాత్రలేసుకుని పడుకున్నా" అన్నారు. కారణం దొరికేసింది అనిపించింది. తినకుండా బిళ్ళ వేసుకున్నారు, షుగర్ పడింది, ఎక్కించాం, లేచారు. గంటకి మళ్ళీ చూస్తే 118. రెండు గంటలకి 97. టిఫిన్ కొంచెం తిన్నారు. ఇంటికెళ్ళిపోదాం అని ఆవిడే తొందరపెట్టారు. ఈ రోజుకి గ్లిమెపిరైడ్ మానెయ్యండి, రేపట్నుంచి సగం బిళ్ళ, భోజనం మానొద్దు అని చెప్పి ఎనిమిదింటికి పంపేశాను.

ఆ మూడు అంకెలూ మళ్ళీ చూడండి, 142, 118, 97. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. 97 చూసి నేను "నార్మల్" అని కేస్ షీట్‌లో రాశాను కూడా. కానీ టిఫిన్ తిన్నాక షుగర్ పెరగాలి కదా, పడుతోందేంటి అన్న ప్రశ్న నాకు రాలేదు. అంకె చూశాను, అది ఎటు పోతోందో చూడలేదు. అడగాల్సినవి ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగలేదు. అసలు తినబుద్ధి ఎందుకు కాలేదు, ఎన్ని రోజుల్నుంచి? ఈ మధ్య కొత్త మందులేమైనా వేసుకున్నారా?

మధ్యాహ్నం రెండింటికి

భోజనానికి లేపితే లేవలేదు, ఒళ్ళంతా చెమట. పొద్దున లో షుగర్ అని విన్నారు కాబట్టి కొడుకు పంచదార నీళ్ళు కలిపి నోట్లో పోశారు. కొంత లోపలికెళ్ళింది, కొంత పొరబోయింది, విపరీతంగా దగ్గు, ఆ వెంటనే ఫిట్స్. మా దగ్గరికి వచ్చేసరికి గ్లూకోమీటర్ అంకె చూపించలేదు, "లో" అని మాత్రమే చూపించింది, ల్యాబ్‌కి పంపిన రక్తంలో 22.

ఆ కొడుకుని ఎవరూ తప్పు పట్టడానికి లేదు. స్పృహ లేని మనిషికి నోట్లో ఏమీ పొయ్యకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవాలి అని పొద్దున మేం చెప్పి పంపితే కదా వాళ్ళకి తెలిసేది. చెప్పలేదు. ఆ పొరబోయిన నీళ్ళవల్ల మర్నాడు కుడి ఊపిరితిత్తిలో నిమోనియా వచ్చింది, దానికి వేరే యాంటీబయాటిక్ ఇవ్వాల్సొచ్చింది.

ఈసారి మళ్ళీ డెక్స్‌ట్రోజ్ బోలస్, అంటే ఒకేసారి ఎక్కించే డోస్, ఇచ్చి 10 శాతం డ్రిప్ నెమ్మదిగా పెట్టాం. 188 కి వచ్చింది. ఫిట్స్ ఆగాయి. కానీ మనిషి పూర్తిగా తేరుకోలేదు కాబట్టి ఈసారి సీటీ తీశాం, నార్మల్. యాభై నిమిషాల తర్వాత 61. మళ్ళీ బోలస్, 171. గంట తర్వాత 52. రంపం పళ్ళలాగా పైకీ కిందకీ. డ్యూటీలో ఉన్న జూనియర్ "సార్, ఇంకో బోలస్ ఇస్తున్నా" అని సిరంజి తీసుకుంటుంటే అప్పుడు ఆగి ఆలోచించాం. ఇంత గ్లూకోజ్ ఎక్కిస్తుంటే ఎక్కడికి పోతోంది?

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కేసు అంతా ఇక్కడే ఉంది. గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్, గ్లిక్లజైడ్ లాంటి సల్ఫొనైల్‌యూరియా బిళ్ళలు పాంక్రియాస్‌లోని బీటా కణాల మీద పని చేస్తాయి. మామూలుగా ఆ కణం రక్తంలో గ్లూకోజ్ పెరిగితేనే ఇన్సులిన్ వదులుతుంది, తగ్గితే ఆపేస్తుంది. ఈ బిళ్ళ ఆ కణం మీదున్న పొటాషియం తలుపులు మూసి, షుగర్ తక్కువున్నా సరే ఇన్సులిన్ వదిలేలా చేస్తుంది. అలా సిద్ధంగా ఉన్న కణానికి మనం ఒక్కసారిగా బోలెడు గ్లూకోజ్ చూపిస్తే ఏం చేస్తుంది? మామూలు కంటే ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. అంటే మేం ఇచ్చిన ప్రతి బోలస్ పదిహేను నిమిషాలు కాపాడి, ఆ తర్వాత వచ్చే పతనానికి తనే కారణమవుతోంది. పొద్దున 142 నుంచి 97 కి దిగడం కూడా ఇదే.

మరి ఒక బిళ్ళ ఇంతసేపా? కిడ్నీ బాగుంటే కాదు. అప్పుడు వచ్చిన రక్త పరీక్షలో క్రియాటినిన్ 2.1, ఈజీఎఫ్ఆర్ లెక్క 25. గ్లిమెపిరైడ్ లివర్‌లో విరిగాక పుట్టే పదార్థానికి కూడా షుగర్ తగ్గించే గుణం కొంత ఉంటుంది, అది కిడ్నీ ద్వారానే పోవాలి. గ్లిబెంక్లమైడ్‌లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. పైగా ఇన్సులిన్‌ని శరీరం నుంచి తీసేసే పనిలో కిడ్నీకి పెద్ద వాటా ఉంది, ఆకలితో ఉన్నప్పుడు కొత్త గ్లూకోజ్ తయారు చేసే పనిలోనూ ఉంది. కిడ్నీ మందగిస్తే మూడు వైపుల నుంచీ దెబ్బ. ఇలాంటి లో షుగర్ 24 గంటలు, కొందరిలో 72 గంటల దాకా తిరిగి తిరిగి రావచ్చు. కాబట్టి సల్ఫొనైల్‌యూరియా వల్ల షుగర్ పడిన మనిషి ఎంత బాగా లేచి కూర్చున్నా, నవ్వినా, ఇంటికి పోతానన్నా, కనీసం ఒక రోజు ఆసుపత్రిలో ఉంచి గంట గంటకీ చూడాలి. ఎనిమిదింటికి నేను చేసిన తప్పు అదే.

గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇద్దామా అని జూనియర్ అడిగారు, మంచి ప్రశ్న. ఇన్సులిన్ వాడేవాళ్ళు ఇంట్లో స్పృహ తప్పితే అది ప్రాణం కాపాడే మందే. కానీ అది లివర్‌లో దాచుకున్న గ్లూకోజ్‌ని బయటికి తీసి పని చేస్తుంది, సరిగ్గా తినని మనిషి లివర్‌లో ఆ నిల్వ అంతగా ఉండదు, పైగా అది కూడా ఇన్సులిన్ విడుదలని ఎగదోస్తుంది. ఈ పరిస్థితిలో దాని మీద ఆధారపడటం సరికాదనుకున్నాం.

పని చేసింది ఆక్ట్రియోటైడ్. అది బీటా కణం నుంచి ఇన్సులిన్ రావడాన్నే అడ్డుకుంటుంది. 50 మైక్రోగ్రాములు చర్మం కింద, 8 గంటలకొకటి, మూడు డోసులు. 10 శాతం డ్రిప్ పక్కన నడుస్తూనే ఉంది, అవసరం లేని బోలస్‌లు ఆపేశాం. మొదటి డోస్ తర్వాత రంపం ఆగిపోయింది, రాత్రంతా 110 కీ 150 కీ మధ్యే. డ్రిప్ ఒక్కసారిగా కాకుండా మర్నాటి నుంచి మెల్లగా తగ్గించి, పూర్తిగా ఆపాక ఇంకో రోజు చూశాం. ఆవిడ మాట, నడక, జ్ఞాపకం అన్నీ తిరిగొచ్చాయి. 22 కి పడి ఫిట్స్ వచ్చిన వాళ్ళందరికీ ఇంత బాగా జరగదు.

అడగాల్సిన ప్రశ్నలు ఆలస్యంగా అడిగితే

రెండో రోజు కోడలితో తీరిగ్గా కూర్చున్నాను. వారం నుంచి ఆవిడకి మూత్రం మంట, ఆకలి లేదు. దగ్గర్లో వేరే డాక్టరుకి చూపిస్తే యాంటీబయాటిక్ రాశారు, ఐదు రోజులు వేశారు. బిళ్ళల అట్ట తెప్పించి చూస్తే కో-ట్రైమోక్సజోల్. అందులోని సల్ఫామెథాక్సజోల్, గ్లిమెపిరైడ్‌ని విరగ్గొట్టే లివర్ ఎంజైమ్‌కి అడ్డుపడుతుంది. అంటే బిళ్ళ డోస్ మారకుండానే ఒంట్లో దాని బలం పెరిగింది. అదే మందు క్రియాటినిన్ పెంచుతుంది, రామిప్రిల్‌తో కలిస్తే పొటాషియం కూడా పెంచుతుంది, ఆవిడది 5.6 ఉంది. రాసిన డాక్టరు తప్పు అని నేను అనను, ఆయనకి షుగర్ మందుల చీటీ ఎవరూ చూపించలేదు, "షుగర్ బిళ్ళలు వాడుతున్నా" అని మాత్రమే చెప్పారట. ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకొనజోల్, క్లారిత్రోమైసిన్ లాంటివి కూడా ఈ బిళ్ళలతో ఇలాగే తగువు పెట్టుకుంటాయి. అందుకే మందుల చీటీ ఫోటో ఫోన్‌లో పెట్టుకోమని ఇప్పుడు ప్రతి ఒక్కరికీ చెప్తున్నా.

ఆ తర్వాత కోడలు ఏదో గుర్తొచ్చినట్టు ఒక మాట అన్నారు. "డాక్టర్ గారూ, ఇది అడగొచ్చో లేదో, నెల రోజుల్నుంచి అత్తయ్య దిండు పొద్దున్నే తడిగా ఉంటోంది. రోజూ గలీబు మారుస్తున్నా. ఉక్కపోత అనుకున్నాం."

నెల రోజులు. నిద్రలో షుగర్ పడితే కనిపించేవి ఇవే, తడిసిన దిండు, పీడకలలు, పొద్దున తలనొప్పి, లేచాక అయోమయం. మెలకువగా ఉన్నప్పుడైతే షుగర్ పడితే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మనిషికి తెలుస్తుంది. ఆవిడ వాడే కార్వెడిలాల్ ఆ వణుకునీ దడనీ కప్పేస్తుంది, చెమటని మాత్రం కప్పదు. అంటే ఆ శరీరం చెప్పగలిగిన ఒకే ఒక్క మాట ఆ తడి దిండు, అది నెల రోజులు చెప్తూనే ఉంది. పైగా తరచూ షుగర్ పడుతుంటే శరీరం దానికి అలవాటు పడిపోయి ఆ హెచ్చరికలు కూడా ఇవ్వడం మానేస్తుంది, కొన్ని వారాలు అసలు పడకుండా చూసుకుంటే ఆ గుర్తింపు చాలామందిలో తిరిగొస్తుంది కూడా.

నోట్‌బుక్ తెప్పించుకుని మళ్ళీ చూశాను. మూడు నెలల పరగడుపు అంకెలు, నెల మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి చొప్పున ఏరితే 104, 96, 88, 85, 79, 72. ఓపీలో నేను తిప్పిన పేజీల్లో ఇందులో మొదటివి కొన్ని ఉన్నాయి. కోడలు ప్రతి అంకె పక్కనా టిక్ పెట్టారు, నేను చెప్పిన 130 కంటే తక్కువున్నవన్నీ మంచివే అని. తక్కువ ఎంత వరకూ మంచిదో నేను చెప్పలేదు. 70 కంటే తగ్గితే లో అని, 54 కంటే తగ్గితే ప్రమాదం అని ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండుంటే 79 దగ్గరే ఫోన్ చేసేవారేమో.

మందులు మార్చడం

గ్లిమెపిరైడ్ సగం కాదు, పూర్తిగా తీసేశాం. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువ కాబట్టి మెట్‌ఫార్మిన్ కూడా ఆపాం. సల్ఫొనైల్‌యూరియానే వాడాల్సొస్తే గ్లిపిజైడ్ లాంటిది కిడ్నీ జబ్బులో కొంత నయం, కానీ ఆవిడకి మళ్ళీ ఆ జాతి మందే వద్దనుకున్నా. లినాగ్లిప్టిన్ 5 ఎంజీ రోజుకొకటి మొదలుపెట్టాం, దానికి కిడ్నీ కోసం డోస్ మార్చక్కర్లేదు, ఒక్కటే వాడితే షుగర్ పడిపోవడం అరుదు. హిమోగ్లోబిన్ 9.4 ఉంది, రక్తహీనతా కిడ్నీ జబ్బూ ఉన్నవాళ్ళలో హెచ్‌బీఏ1సీ నిజాన్ని సరిగ్గా చూపించకపోవచ్చు, కాబట్టి ఆ ఒక్క అంకె మీద కాకుండా ఇంట్లో చూసే అంకెల మీద నడుద్దాం అనుకున్నాం. పరగడుపున 110 నుంచి 160 మధ్య ఉంటే చాలు అని రాసిచ్చాను. కొడుక్కి నచ్చలేదు. "160 అంటే ఎక్కువ కదండీ, ఇన్నాళ్ళూ 80 ఉండేది" అన్నారు. ఆ 80 ఎలా వచ్చిందో నోట్‌బుక్ ముందు పెట్టుకుని చూపించాక ఒప్పుకున్నారు.

నేర్పడం, అందులోనూ ఒకసారి ఓడిపోయాం

డిశ్చార్జ్ అప్పుడు ఒక కాగితం ఇచ్చాం, రెండు వైపులా అచ్చు, పధ్నాలుగు పాయింట్లు. అన్నీ సరైనవే. వారం తర్వాత ఓపీలో, "అమ్మ చెమటలు పట్టి కూర్చుంటే మొదట ఏం చేస్తారు" అని అడిగితే కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాగితం బీరువాలో ఉందట. గాభరాలో ఉన్న మనిషి పధ్నాలుగు పాయింట్లు చదవడు, ఆ కాగితం నిజానికి మేం చెప్పాం అని చూపించుకోడానికి మాకే పనికొచ్చింది.

అప్పుడు కోడలి చేతే రాయించాం, వాళ్ళ మాటల్లో. మేలుకుని మింగగలిగితే ముందు వేలికి గుచ్చు, మిషన్ దొరక్కపోతే లో అనే అనుకో. 70 లోపుంటే 15 గ్రాముల గ్లూకోజ్, దాదాపు మూడు చిన్న చెంచాలు, నీళ్ళలో, పదిహేను నిమిషాలకి మళ్ళీ గుచ్చు, పెరక్కపోతే మళ్ళీ ఇవ్వు. పిలిస్తే పలక్కపోతే నోట్లో ఏమీ వద్దు, పక్కకి తిప్పు, అంబులెన్స్. పెరిగినా సరే ఫోన్ చెయ్యి. అంతే, నాలుగు ముక్కలు, ఫ్రిజ్ తలుపు మీద. చాక్లెట్ ఇవ్వొచ్చా అని అడిగారు, అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి గ్లూకోజ్ ఆలస్యంగా ఎక్కుతుంది, ఆ సమయానికి అది పనికిరాదు అన్నాను. అకార్బోజ్ లాంటి మందు వాడేవాళ్ళకైతే పంచదార కూడా సరిగ్గా పని చెయ్యదు, గ్లూకోజ్ పౌడరే ఇవ్వాలి, ఈవిడకి ఆ మందు లేదు.

చెప్పి వదిలెయ్యకుండా వాళ్ళ చేత చేయించి చూశాం. కొడుకు మూడు చెంచాలు కలిపి చూపించారు, ఆ మనిషి చేతులు అప్పటికీ వణుకుతున్నాయి.

ఐదు వారాల తర్వాత రాత్రి తొమ్మిదింటికి ఫోన్. రెండు రోజుల్నుంచి జ్వరం, విరేచనాలు, ఆ సాయంత్రం నుంచి మగతగా ఉన్నారు. కొడుకు అప్పటికే గ్లూకోజ్ కలిపేశారు, మళ్ళీ అదే అని. కోడలు మాత్రం గ్లాసు పక్కన పెట్టించి ముందు వేలికి గుచ్చారు, 386.

అదే మగత, అదే మనిషి, ఈసారి కారణం పూర్తిగా తిరగబడింది. విపరీతమైన దాహం, నోరెండిపోవడం, మొదట్లో మూత్రం ఎక్కువ పోవడం, తర్వాత నీరసం, మత్తు, ఇవి పెరిగిపోయే షుగర్ లక్షణాలు. పెద్దవాళ్ళలో ఒంట్లో నీళ్ళు ఇంకిపోయి షుగర్ 600 దాటి స్పృహ పోయే దశ దాకా రోజుల తరబడి మెల్లగా వెళ్తుంది. వెంటనే తీసుకురమ్మన్నాను. ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగితే పుట్టే కీటోన్లు లేవు, ఆ స్పృహ పోయే దశకి ఇంకా చేరలేదు, కానీ ఒంట్లో నీళ్ళు బాగా తగ్గిపోయాయి. గుండె పంపింగ్ చూసుకుంటూ జాగ్రత్తగా సెలైన్, కొద్దిగా ఇన్సులిన్, రామిప్రిల్ తాత్కాలికంగా ఆపు, రెండు రోజుల్లో ఇంటికి.

ఎందుకు అంత పెరిగింది అని తవ్వితే ఇన్ఫెక్షన్‌తో పాటు ఇంకోటి బయటపడింది. మళ్ళీ షుగర్ పడిపోతుందేమో అన్న భయంతో ఐదు వారాలుగా రోజూ పడుకునే ముందు ఒక గ్లాసు పండ్ల రసం, ఎప్పుడు నీరసంగా ఉందన్నా ఇంకో గ్లాసు ఇస్తున్నారు. ఆ భయం నేర్పింది మేమే. లో షుగర్ ఎంత ప్రమాదమో చెప్పాం, గ్లిమెపిరైడ్ ఆపేశాక ఆ ప్రమాదం చాలా వరకూ తగ్గిపోయింది అన్న మాట ఒక్కసారి కూడా చెప్పలేదు. ఫ్రిజ్ మీద కాగితంలో ఇంకో రెండు ముక్కలు చేరాయి: 300 పైన రెండుసార్లు వస్తే ఫోన్, మగత ఉంటే ఆగకుండా ఆసుపత్రి. వాంతులు, విరేచనాలు అయ్యి తినలేకపోతే, తాగలేకపోతే అదే రోజు ఫోన్, ఏ మందు ఆపాలో మేం చెప్తాం.

ఈ ఆపడం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది చదివి ఎవరైనా జబ్బు చేస్తే షుగర్ మందులన్నీ ఆపెయ్యాలి అనుకుంటే ప్రమాదం. సల్ఫొనైల్‌యూరియా, మెట్‌ఫార్మిన్, బీపీకిచ్చే రామిప్రిల్ లాంటివి, మూత్రం బిళ్ళలు, నొప్పి బిళ్ళలు, షుగర్‌ని మూత్రంలో పంపేసే డపాగ్లిఫ్లోజిన్ జాతి మందులు, ఇవి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు, డాక్టర్‌ని అడిగి. ఇన్సులిన్ అలా కాదు. ముఖ్యంగా టైప్ 1 వాళ్ళు తినట్లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే కీటోయాసిడోసిస్‌లోకి, అంటే కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారే స్థితిలోకి వెళ్ళిపోతారు, వాంతులు, కడుపు నొప్పి, ఆయాసంగా లోతైన ఊపిరి, నోట్లోంచి పండ్ల లాంటి వాసన. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళలో ఇదే పరిస్థితి షుగర్ 200 లోపు ఉండగా కూడా రావచ్చు, కాబట్టి వాళ్ళకి వాంతులూ ఆయాసమూ ఉంటే మిషన్ మీద అంకె బాగుంది కదా అని ఇంట్లో ఉండిపోకూడదు, కీటోన్లు చూపించుకోవాలి.

మా వార్డులో మారినవి కూడా రాస్తాను. లో షుగర్‌తో ఎవరొచ్చినా కేస్ షీట్ మొదటి లైన్‌లో ఏ మందు వల్ల అనేది రాయాలి, సల్ఫొనైల్‌యూరియా అయితే డిశ్చార్జ్ నిర్ణయం కనీసం 24 గంటల తర్వాతే, అప్పటిదాకా అంకెల్ని గీత గీసి చూడాలి. వయసు 65 దాటితే నా ఓపీ చీటీ మీద షుగర్ అంకె కంటే పైన ఈజీఎఫ్ఆర్ రాస్తున్నా. హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువుండి, ఈ బిళ్ళలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్న పెద్దవాళ్ళు కనిపిస్తే మెచ్చుకునే ముందు అడుగుతున్నా, రాత్రి నిద్ర ఎలా ఉంది, పొద్దున దిండు తడిగా ఉంటోందా అని. ఈ ప్రశ్న అడిగాక ఇప్పటికి ముగ్గురి దగ్గర బిళ్ళ తగ్గించాను.

ఆవిడ మూడు నెలల తర్వాత చూపించుకోడానికి వచ్చారు. ఈజీఎఫ్ఆర్ 36 దగ్గర నిలబడింది, హెచ్‌బీఏ1సీ 7.6, పండ్ల రసం ఆపేశారు. కొడుకు నోట్‌బుక్ తెరిచి 148, 139, 151, 144 చూపించి ఇంకా కొంచెం ఇబ్బందిగానే "ఇది పర్లేదాండీ" అని అడిగారు. పర్లేదన్నాను. కోడలు పక్కనుంచి నెమ్మదిగా చెప్పారు, గలీబు వారానికోసారే మారుస్తున్నామని.